ఏ దిబ్బ ఏ ఊరిది?

తెలుగు బైబిలు చదివేవాళ్లకు హాయి అనే ఊరు పరిచయమే. యెహోషువ సైన్యం మొదటిసారి ఓడిపోయి, రెండోసారి పొంచి ఉండి పట్టుకున్న పట్టణం అది. చిన్నప్పుడు ఆ పేరు చూసినప్పుడల్లా నవ్వొచ్చేది. తగలబెట్టిన ఊరికి హాయి ఏమిటి? హెబ్రీ మాటకు మన హాయితో ఏ చుట్టరికమూ లేదు. శిథిలాల కుప్ప అని దానికి అర్థం చెబుతారు. ఆ కుప్ప ఏదో, ఎక్కడుందో వెతకడం మొదలై నూట ఎనభై ఏళ్లు దాటింది. దొరికిందనుకున్న చోట తవ్వితే చిక్కు విడకపోగా ఇంకో ముడి పడింది. దాని సంగతి తర్వాత చెబుతాను. ముందు ఈ వెతుకులాట ఎలా సాగుతుందో, ఇంతవరకు ఏం తేలిందో చూడాలి.

హెబ్రీ లేఖనాల్లో ఊళ్ల పేర్లకు కొదవ లేదు. యెహోషువ గ్రంథం 15వ అధ్యాయం నుంచి 19వ అధ్యాయం దాకా గోత్రాలవారీగా సరిహద్దులు, పట్టణాల జాబితాలే. భక్తులు గబగబా దాటేసే పేజీలవి. ప్రాచీన భూగోళం మీద పనిచేసేవాళ్లు మాత్రం అక్కడే కాపురం పెడతారు. వాళ్లలో పెద్దవాడు ఇజ్రాయెల్ పండితుడు యోహనాన్ అహరోని. 1967లో ఇంగ్లీషులోకి వచ్చిన ‘ద ల్యాండ్ ఆఫ్ ద బైబిల్’లో ఆయన ఒక లెక్క వేశాడు. లేఖనాల్లో కనిపించే ఊళ్ల పేర్లు సుమారు 475. వాటిలో ఎంతో కొంత నమ్మకంగా ఫలానా చోటని చెప్పగలిగినవి 262, అంటే నూటికి 55. ఈ 262లో 190 ఊళ్లు దొరకడానికి కారణం పాత పేరు ఏదో రూపంలో నిలిచి ఉండటమే. 158 చోట్ల పేరు పాత ఊరి మీదే ఉంది, 32 చోట్ల పక్కకు జరిగింది. పేరు ఆనవాలు లేకుండా వేరే ఆధారాలతో గుర్తించినవి 72. వాటిలోనూ సగమే కాస్త గట్టివి, తక్కినవి ఊహలేనని ఆయనే ఒప్పుకున్నాడు. ఆ తర్వాత అంకెలు అటూ ఇటూ కదిలినా తీరు మారలేదు. తవ్వకాల ఫొటోలు చూసి ఇది పలుగూ పారా పని అనుకుంటాం గానీ, ఈ విద్యకు పునాది అక్కడి రైతుల నోట నిలిచిన పేర్లు.

ఆ సంగతి ముందుగా పట్టుకున్నవాడు అమెరికన్ ఆచార్యుడు ఎడ్వర్డ్ రాబిన్సన్. 1838లో గుర్రాల మీద, ఒంటెల మీద పాలస్తీనా అంతా తిరిగాడు. అప్పటిదాకా యాత్రికులకు స్థలాలు చూపించేది మఠాల్లోని సన్యాసులు. వాళ్లు చూపే చోట్లు చాలావరకు భక్తి పుట్టించినవే. రాబిన్సన్ రెండు నియమాలు పెట్టుకున్నాడు. మఠాల కథల జోలికి పోకూడదు. పల్లె జనాన్ని అడిగేటప్పుడు జవాబు మనమే అందించకూడదు. “ఇది బేతేలే కదా?” అంటే మర్యాదకొద్దీ అవునంటారు. “ఆ కనిపించే ఊరి పేరేమిటి?” అనాలి. ఆ అడగడం మాత్రం రాబిన్సన్ వల్ల అయ్యేది కాదు. వెంట వచ్చిన ఈలై స్మిత్, బేరూతులో ఉండే మిషనరీ, అరబ్బీ బాగా వచ్చినవాడు. 1841లో వెలువడిన గ్రంథం మీద ఇద్దరి పేర్లూ ఉన్నా కీర్తి ఒక్కరికే దక్కింది. పేర్లు చెప్పిన గొర్రెల కాపరులకూ దారి చూపినవాళ్లకూ అదీ లేదు.

వాళ్లు విన్నవి చూడండి. యెరూషలేముకు ఉత్తరంగా అనాతా అనే పల్లె. యిర్మీయా ప్రవక్త పుట్టిన అనాతోతు. ఆ పైన జబా, ముఖ్మాస్: గెబ, మిక్మషు. ఇంకా పైన బైతీన్: బేతేలు. సైలూన్ శిథిలాలు షిలోహు. అల్-జీబ్ గిబియోను. ఇవి చెవికి నచ్చిన పోలికలు కావు, వీటికి ఒక వరస ఉంది. చివరి ‘ల’ అరబ్బీలో ‘న’ కావడం బేతేలులో కనిపిస్తుంది, యెజ్రెయేలు జరీన్ కావడంలోనూ కనిపిస్తుంది. గిబియోనులో చివరి ‘ఓను’ రాలిపోయింది. బేత్‌హోరోను బైత్ ఊర్‌గా అరిగింది గానీ, లేఖనాల్లో ఎగువది, దిగువది అని రెండున్నట్టే నేటికీ పై ఊరు, కింది ఊరు అని రెండున్నాయి. హెబ్రీ, అరామిక్, అరబ్బీ ఒక తల్లి బిడ్డలు కావడం వల్ల పేర్లు ఒక నోటి నుంచి ఇంకో నోటికి పెద్దగా చెడకుండా దిగాయి. గ్రీకు పాలకులు బేత్షెయానును స్కితోపొలిస్ అన్నారు. కొన్ని వందల ఏళ్లు రాతకోతల్లో ఆ పేరే నడిచింది. పాలన మారగానే బైసాన్ అనే పేరు పైకి తేలింది. అంటే అది మధ్యలో చచ్చిపోలేదు. సర్కారు రికార్డులో ఏది రాసినా ఊరి జనం నోట పాత పేరు ఆడటం మనకూ తెలిసిన విషయమే.

కొన్నిసార్లు ధ్వని పోయి అర్థం మిగులుతుంది. ఉత్తరాన హెర్మోను కొండ కింద ఒక పెద్ద దిబ్బను అరబ్బులు తెల్ అల్-ఖాదీ అనేవారు. ఖాదీ అంటే న్యాయాధిపతి. హెబ్రీలో దాను అన్నా తీర్పు తీర్చేవాడే. ఓరుగల్లును సంస్కృతంలో ఏకశిలా నగరం అన్నట్టు, పేరు భాష మార్చుకుని కూర్చుంది. ఈ పోలిక అల్లిక కాదని 1976లో తేలింది. అవ్రహామ్ బిరాన్ తవ్వకాల్లో గ్రీకు, అరామిక్ రెండు భాషల్లో రాసిన మొక్కుబడి శాసనం దొరికింది. అందులో గ్రీకు పాఠం దానులో ఉన్న దేవుడికి అంటుంది.

రాబిన్సన్‌కు పేరు వినపడేది గానీ దిబ్బ కనపడేది కాదు. 1852లో రెండోసారి వచ్చినప్పుడు ఆయన తెల్ అల్-ముతసల్లిమ్ అనే దిబ్బ ఎక్కి, కింద పరుచుకున్న మైదానం చూసి, నగరానికి ఇంతకన్నా మంచి చోటు ఉండదు, అయినా ఇక్కడ నగరం ఉన్న జాడ లేదని రాసుకున్నాడు. మెగిద్దో ఎక్కడా అని చుట్టూ వెతుకుతున్న ఆ మనిషి కాళ్ల కిందే మెగిద్దో ఉంది. ఊరి మీద ఊరు, గోడ మీద గోడ కట్టుకుంటూ పోగా పెరిగిన పాటిదిబ్బలవి. పాటిమట్టి తోలుకుని చేలకు వేసుకున్న మన రైతులకు అలాంటి దిబ్బ ఒకప్పటి ఊరని చెప్పనక్కర్లేదు. అప్పటి పండితులకు మాత్రం అవి సహజంగా పుట్టిన గుట్టలు.

ఆ కళ్లు తెరిపించినవాడు పురావస్తు పండితుడు ఫ్లిండర్స్ పెట్రీ. ఈలోగా 1865లో లండన్‌లో పాలస్తీనా ఎక్స్‌ప్లొరేషన్ ఫండ్ పుట్టింది. 1871 నుంచి 1877 దాకా కాండర్, కిచెనర్ అనే సైనికాధికారులు పశ్చిమ పాలస్తీనాను అంగుళానికి మైలు చొప్పున కొలిచి 26 పటాలు గీశారు. సుమారు పదివేల పేర్లు నమోదయ్యాయి. కొండ, వాగు, బావి, పాడుపడ్డ గోడ, దేన్నీ వదల్లేదు. ఆ పటాలు లేకపోతే ఈ శాస్త్రం సగం లేదు. 1890లో పెట్రీ తెల్ అల్-హెసీ చేరాడు. వాగు కోసేసిన దిబ్బ పక్కగోడలో పొరలు కేకు కోసినట్టు కనిపించాయి. ఒక్కో పొరలో ఒక్కో రకం కుండపెంకులు. ఐగుప్తులో కాలం తెలిసిన పాత్రలతో వాటిని పోల్చి ఏ పెంకు ఏ శతాబ్దానిదో చెప్పవచ్చని నిరూపించాడు. అప్పటినుంచి పేరు ఒక్కటే చాలదు. ఊరు ఉందని లేఖనం చెప్పే కాలపు పెంకులు అక్కడ దొరకాలి.

అంత గొప్ప పద్ధతి కనిపెట్టిన పెట్రీ ఆ దిబ్బ పేరు మాత్రం తప్పు చెప్పాడు. దగ్గర్లో ఉమ్మ్ లాకిస్ అనే పాడు ఊరు ఉంది కాబట్టి హెసీయే లాకీషు అన్నాడు. ఇక్కడే పేర్లు నడుస్తాయన్న సంగతి గుర్తుంచుకోవాలి. దిబ్బ ఎత్తు పెరిగి, నీళ్లు దూరమై, జనం కిందికి దిగితే పేరు కూడా వాళ్ల వెంటే దిగుతుంది. యెరికో పేరు మోస్తున్న ఈరోజు పట్టణం పాత దిబ్బ మీద లేదు. బైసాన్ కూడా దిబ్బ కిందనే. ఒక్కోసారి పేరు ఏకంగా పొరుగు ప్రాంతానికి పోతుంది, ఒక్కోసారి వట్టి పోలికే తప్ప చుట్టరికం ఉండదు.

లాకీషు సంగతి తేల్చడానికి 1929లో పురావస్తు పండితుడు ఆల్‌బ్రైట్ పాత పుస్తకం తెరిచాడు. నాలుగో శతాబ్దంలో కైసరయ బిషప్పు యుసేబియస్ బైబిలు ఊళ్లకు అకారాది నిఘంటువు రాశాడు. రోమన్ మైలురాళ్ల లెక్కన ఏ ఊరు ఎక్కడినుంచి ఎంత దూరమో అందులో ఉంటుంది. లాకీషు ఎలెఫ్తెరొపొలిస్ నుంచి దక్షిణానికి పోయే దారిలో ఏడో మైలు దగ్గర అన్నాడాయన. ఎలెఫ్తెరొపొలిస్ అంటే నేటి బైత్ జిబ్రీన్ అని రాబిన్సన్ అప్పటికే తేల్చి ఉన్నాడు. ఆ లెక్కకు హెసీ పొసగలేదు, పైగా యూదా రాజ్యంలో అంత పెద్ద కోటకు అది చాలా చిన్న దిబ్బ. తెల్ అద్-దువైర్ పొసిగింది. 1932 నుంచి స్టార్కీ అక్కడ తవ్వాడు. 1935లో ద్వారం గదిలో సిరాతో రాసిన కుండపెంకుల ఉత్తరాలు బయటపడ్డాయి. ఒకదానిలో అజేకా కనిపించడం లేదు, లాకీషు సంకేతాల కోసం చూస్తున్నాం అనే అర్థం వచ్చే మాటలున్నాయి. లాకీషు పేరు లాకీషులోనే దొరికిందని లోకమంతా సంబరపడింది. నిదానంగా ఆలోచిస్తే, “లాకీషు వైపు చూస్తున్నాం” అని రాసినవాడు లాకీషులో లేడు. ఉత్తరం అక్కడికి వచ్చిందా, అక్కడినుంచి పోవాల్సిందా అన్న వాదం రానే వచ్చింది. 1980 ప్రాంతంలో ఆల్‌స్ట్రోమ్ ఈ గుర్తింపునే ప్రశ్నించాడు, డేవిస్ జవాబిచ్చాడు. నా మటుకు నాకు ఉత్తరాలకన్నా పెద్ద సాక్ష్యం వేరే ఉంది. క్రీ.పూ. 701లో లాకీషును పట్టిన అష్షూరు రాజు సన్హెరీబు ఆ ముట్టడిని నీనెవె గోడల మీద చెక్కించుకున్నాడు. ఇప్పుడవి బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. కోట గోడ మీదికి కట్టిన ముట్టడి కట్ట ఆ శిల్పంలో ఉంది. దువైర్ నైరుతి మూలలో ఆ కట్ట నిజంగానే ఉంది. 1970ల నుంచి ఉస్సిష్కిన్ చేసిన తవ్వకాలు దాన్ని రాయి రాయిగా చూపించాయి.

అసలు ఊరే తన పేరు చెప్పుకున్న సందర్భాలు వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. గెజెరు కథ నాకు అన్నిటికన్నా ఇష్టం. సొలొమోనుకు ఫరో కూతురితో పాటు కట్నంగా వచ్చిన ఊరది. యెరూషలేములో ఫ్రెంచి కాన్సులేట్ ఉద్యోగి క్లెర్మాన్-గన్నో పాత అరబ్బీ చరిత్రకారుడు ముజీరుద్దీన్ గ్రంథం చదువుతుంటే ఒక చిన్న కొట్లాట వర్ణన తగిలింది. ఖుల్దా పల్లె దగ్గర కొట్టుకుంటున్నవాళ్ల కేకలు తెల్ అల్-జజర్ దాకా వినపడ్డాయట. అంటే కేక వినపడేంత దూరంలో జజర్ అనే దిబ్బ ఉందన్నమాట. 1871లో వెళ్లి వెతికితే అబూ షూషా పల్లె పక్కన దొరికింది. పుస్తకం చదివి ఊరు కనిపెట్టావా అని కొందరు పెదవి విరిచారు. మూడేళ్ల తర్వాత ఆ చుట్టుపక్కల బండల మీద హెబ్రీ అక్షరాలు కనిపించాయి: గెజెరు పొలిమేర. పక్కనే గ్రీకులో ఒక మనిషి పేరు. మన పొలిమేర రాళ్లలాంటివే. ఇప్పటికి అలాంటివి పదికి పైగా దొరికాయి.

ఎక్రోను దగ్గర పేరు మోసం చేసింది. ఫిలిష్తీయుల అయిదు పట్టణాల్లో ఒకటైన ఎక్రోను అకిర్ అనే పల్లేనని రాబిన్సన్ రాశాడు. ధ్వని బాగానే కలిసింది. మట్టే సహకరించలేదు. అంత పెద్ద పట్టణానికి తగిన దిబ్బ అక్కడ లేదు. 1950లలో యోసెఫ్ నావే దక్షిణాన ఉన్న మిక్నె దిబ్బను ప్రతిపాదించాడు. ట్రూడ్ డోతన్, సైమూర్ గిటిన్ 1981 నుంచి అక్కడ తవ్వారు. వందకు పైగా ఒలీవ నూనె గానుగలు బయటపడ్డాయి, కానీ పేరు లేదు. 1996లో చివరి సీజనులో గుడి శిథిలాల్లో అయిదు పంక్తుల శాసనం దొరికింది. పాదీ కొడుకు ఆకీషు, ఎక్రోను పాలకుడు, తన దేవతకు ఈ గుడి కట్టించాడని అందులో ఉంది. ఆ తండ్రీకొడుకుల పేర్లు అష్షూరు రికార్డుల్లోనూ ఉన్నాయి. నూట యాభై ఏళ్ల వాదం అయిదు పంక్తులతో ముగిసింది. మన దగ్గర నాగార్జునకొండ శాసనంలోని కంటకసేల, టాలెమీ రాసిన కంటకోస్సిల, నేటి ఘంటసాల ఒక్కటేనని శాసనాలు, పేరు చెయ్యి కలిపి చెప్పినట్టే.

శాసనం దొరికితే ఇక మాట్లాడటానికేమీ లేదనుకోవడం కూడా పొరపాటే. అల్-జీబ్‌లో 1956 నుంచి ప్రిచర్డ్ తవ్వితే, బండలో తొలిచిన పెద్ద కోనేటి పూడికలో గిబియోను అని చెక్కిన కూజా పిడులు పదుల సంఖ్యలో దొరికాయి. ఇంకేం కావాలి? కానీ కూజా ప్రయాణం చేసే వస్తువు. దాని మీద ఊరి పేరుంటే సరుకు పంపిన ఊరు కావచ్చు, చేరాల్సిన ఊరూ కావచ్చు. గుంటూరు మిరపకాయల బస్తా ముంబైలో దొరికినంత మాత్రాన అది గుంటూరు అవదు. అయినా గిబియోను విషయంలో అనుమానం నిలవలేదు. పేరు, దూరం, కోనేరు, చుట్టూ ద్రాక్షారసం తొట్లు, అన్నీ ఒక వైపే చూపాయి. ఈ విద్యలో ఒంటరి సాక్ష్యాన్ని ఎవరూ నమ్మరు. లేఖనం చెప్పే దిక్కు, నిలిచిన పేరు, దిబ్బలోని పొరల కాలం, నేల వాలు, నీటి వసతి, అన్నీ కలవాలి. ఐగుప్తు రాజులు కర్నాకు గుడిలో చెక్కించిన జయించిన ఊళ్ల జాబితాలు, మాదబా చర్చి నేల మీది మొజాయిక్ పటం లాంటివి పక్క సాక్షులు.

పేర్ల విషయంలో ఇంకో తంటా ఉంది. రామా అంటే ఎత్తయిన చోటు, గిబియా అంటే గుట్ట, మిస్పా అంటే కావలి చోటు. కొండల దేశంలో ఇవెన్ని ఉండవు? మనకెన్ని కొత్తపల్లిలు, ఎన్ని రామాపురాలు ఉన్నాయో అన్నీ. పైగా జాబితా ఏ కాలానిదో తెలియాలి. యెహోషువ 15వ అధ్యాయంలోని యూదా పట్టణాల పట్టిక యెహోషువ కాలానిది కాదు, రాజుల కాలపు పన్నుల జిల్లాల లెక్క అని పండితులు ఆల్ట్, నోత్ నాటి నుంచి చాలామంది వాదించారు. అదే నిజమైతే ఆ ఊళ్లలో క్రీ.పూ. ఏడో శతాబ్దపు పెంకులు వెతకాలి, పదమూడో శతాబ్దానివి కావు. పట్టిక తేదీ తప్పితే గుర్తింపులన్నీ వరసగా తప్పుతాయి.

ఇప్పుడు నేను ముఖ్యమనుకునే రెండు ఊళ్లు. ఒకటి దెబీరు. ఆల్‌బ్రైట్ 1926 నుంచి 1932 దాకా తెల్ బైత్ మిర్సిమ్ తవ్వి అదే దెబీరు అన్నాడు. ఆ తవ్వకంలో ఆయన కట్టిన కుండపెంకుల వరస ఆ దేశమంతటికీ ప్రమాణమైంది. గుర్తింపు మాత్రం నిలవలేదు. లేఖనం దెబీరును కొండ ఊళ్లలో కలిపి చెబుతుంది. మిర్సిమ్ కొండల దిగువ అంచున ఉంది. 1954లో గాలింగ్ హెబ్రోనుకు దక్షిణంగా కొండల్లో ఉన్న ఖిర్బెత్ రబూద్‌ను చూపించాడు. 1968, 69లో కోఖవి అక్కడ తవ్వితే కావలసిన కాలాల పొరలు కనిపించాయి. కాలేబు కూతురు అక్సా తండ్రిని నీటి మడుగులు అడిగిన కథ ఉంది కదా, మెరక మడుగులు, పల్లపు మడుగులు అని. రబూద్‌కు దగ్గర్లో రెండు బావులున్నాయి. వాటి అరబ్బీ పేర్లలో ఒకటి పైది, ఒకటి కిందిది. ఇప్పుడు దాదాపు అందరూ రబూద్‌నే ఒప్పుకుంటారు. ఆల్‌బ్రైట్ పెంకుల వరస మాత్రం ఊరి పేరు పోయినా చెక్కుచెదరలేదు.

రెండోది హాయి. బేతేలుకు తూర్పున అని లేఖనం అంటుంది. బైతీన్‌కు తూర్పున అరబ్బులు అత్-తెల్ అనే దిబ్బ ఉంది. అత్-తెల్ అంటే ‘దిబ్బ’, అంతే. హెబ్రీ పేరుకు అర్థమూ అదే. స్థలం, పేరు రెండూ కలిశాయి. 1933లో జుడిత్ మార్కె-క్రౌస్ అనే యువతి తవ్వకం మొదలుపెట్టింది. పెద్ద ప్రాకారాలున్న నగరం బయటపడింది, అయితే అది క్రీ.పూ. మూడో సహస్రాబ్దిది. క్రీ.పూ. 2400 ప్రాంతంలో నాశనమై, వెయ్యేళ్లకు పైగా బేచిరాకుగా పడి ఉంది. క్రీ.పూ. 1200 తర్వాత దాని మీద ఓ చిన్న పల్లె లేచింది. యెహోషువను ఏ శతాబ్దంలో పెట్టినా పట్టుకోవడానికి అక్కడ పట్టణం లేదు. ఆమె 1936లో చిన్న వయసులోనే చనిపోయింది. 1964 నుంచి జోసెఫ్ కాల్లవే మళ్లీ తవ్వాడు. బాప్టిస్టు వేదాంత కళాశాల ఆచార్యుడాయన. తనకు ఏం కావాలో అది దొరకలేదు, దొరకలేదనే రాశాడు. ఆ నిజాయితీ ముందు తల వంచాలి.

దీనికి సమాధానాలు రకరకాలు. బేతేలు మీద జరిగిన యుద్ధం పక్క ఊరికి అంటుకుందని ఆల్‌బ్రైట్ అన్నాడు. ఆ పెద్ద దిబ్బ ఎలా వచ్చిందని అడిగే పిల్లలకు చెప్పిన కథ పెరిగి పెద్దదైందని మరికొందరు. ఇంకో వర్గం చోటే తప్పంటుంది. లివింగ్‌స్టన్ ఖిర్బెత్ నిస్యాను, బ్రయంట్ వుడ్ ఖిర్బెత్ అల్-మఖాతిర్‌ను తవ్వారు. నిస్యాకు తగ్గట్టు లివింగ్‌స్టన్ బేతేలును కూడా బీరాకు జరపాల్సి వచ్చింది. దెబీరును మిర్సిమ్ నుంచి కదిల్చిన కారణం, హాయిని అత్-తెల్ నుంచి కదిల్చే కారణం ఒకటి కావు. దెబీరు భూగోళానికి సరిపడక కదిలింది. హాయి భూగోళానికి చక్కగా సరిపడుతూనే కథకు సరిపడలేదని కదులుతోంది. ఊరు దొరకడం వేరు, ఊరి మీద చెప్పిన కథ జరగడం వేరు. యెరికోలో 1952 నుంచి కెన్యన్ చేసిన తవ్వకాలు కూడా యెహోషువ కథకు ఇబ్బందే తెచ్చాయి, అయినా యెరికోను ఎవరూ కదపలేదు. ఎడతెగని ఊట, పేరు, చరిత్ర దాన్ని అక్కడే బిగించి ఉంచాయి. నా ఓటు అత్-తెల్‌కే.

కావలసిన ఊరు దొరికిందనే తొందర ఈ మధ్య ఎక్కువైంది. దావీదు ఆశ్రయం పొందిన సిక్లగుకు ఇప్పటిదాకా డజనుకు పైగా చోట్లు సూచించారు. 2019లో గార్ఫింకెల్ బృందం ఖిర్బెత్ అర్-రాయీయే అది అని పత్రికా ప్రకటన ఇచ్చింది. లేఖనం సిక్లగును దక్షిణ ఎడారి ఊళ్లతో కలిపి చెబుతుంటే ఈ చోటు లాకీషు దగ్గర, బాగా ఉత్తరంగా ఉందని తోటి పురావస్తు పండితులే అభ్యంతరం చెప్పారు. అదే గార్ఫింకెల్ తవ్విన ఖిర్బెత్ ఖెయాఫాలో రెండు ద్వారాలున్నాయి కాబట్టి అది షరాయిము, అంటే రెండు ద్వారాల ఊరు అన్నాడు. నామాన్ గోబు అన్నాడు, గలీల్ నెతాయీము అన్నాడు, ఇంకొకరు మరొకటి. రెండో ద్వారం ఉందా అన్నదాని మీదా వాదం నడిచింది. సొదొమ సంగతి సరేసరి. యొర్దానులోని తల్ అల్-హమ్మామ్ ఆకాశంలో పేలిన ఉల్క వల్ల నాశనమైందని 2021లో ఒక సైన్సు పత్రికలో వ్యాసం వచ్చింది, ప్రపంచమంతా ‘సొదొమ దొరికింది’ అని మోగింది. 2025లో ఆ పత్రిక ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. ఆ వార్త మాత్రం అంతగా మోగలేదు.

1948 యుద్ధంలో మైదాన ప్రాంతపు అరబ్ పల్లెలు చాలావరకు ఖాళీ అయ్యాయి. అకిర్, జరీన్, అబూ షూషా, తెల్ అస్-సాఫీ అన్నీ అందులోవే. రాబిన్సన్, స్మిత్ పేర్లు అడిగి రాసుకున్న జనం చెదిరిపోయారు. అహరోని లెక్కలోని 190 ఊళ్లను మోసుకొచ్చింది ఆ రైతుల నోళ్లేనని గుర్తుంచుకుంటే ఆ నష్టం ఎంతటిదో తెలుస్తుంది. అనాతా, ముఖ్మాస్, బైతీన్, అల్-జీబ్‌లలో ఇంకా జనం ఉన్నారు. తక్కిన చోట్లకు కాండర్, కిచెనర్ల పటాలే సాక్షి. కొత్తగా ఏర్పడ్డ ఇజ్రాయెల్ 1949లో నెగెవు ఎడారికి పేర్లు పెట్టే సంఘం వేసి అయిదు వందలకు పైగా హెబ్రీ పేర్లు పటం మీద దించింది. కొన్ని లేఖనాల్లోవి, కొన్ని అరబ్బీ పేర్లను అనువదించినవి, కొన్ని కొత్తవి. పేరు చూసి ఊరు వెతికే విద్య అక్కడితో తలకిందులైంది. ఊరు చూసి పేరు పెట్టడం మొదలైంది.

గొల్యాతు పుట్టిన గాతు అరేని దిబ్బ అని ఆల్‌బ్రైట్ నమ్మిన రోజుల్లో దాని పక్కన కట్టిన పట్టణానికి కిర్యత్ గాత్ అని పేరు పెట్టారు. 1956 నుంచి దిబ్బను తవ్వితే ఫిలిష్తీయుల పెద్ద పట్టణం కనిపించలేదు. గాతు ఈశాన్యంగా పన్నెండు కిలోమీటర్ల దూరంలో, తెల్ అస్-సాఫీలో ఉందని ఇప్పుడు దాదాపు అందరి మాట. ఎక్రోను శాసనంతో ఒక గుంజ గట్టిగా పడ్డాక పక్క గుంజ ఎక్కడ పడాలో తెలిసింది. 1996 నుంచి ఆరెన్ మయీర్ అక్కడ తవ్వాడు. అకిర్ పల్లె నేల మీద లేచిన పట్టణం పేరు కిర్యత్ ఎక్రోన్. ఇవాళ ఎక్రోను పోవాలని బస్సెక్కినవాడు రాబిన్సన్ 1838లో పొరబడిన చోటే దిగుతాడు. ఆకీషు కట్టించిన గుడి అక్కడికి దక్షిణంగా సుమారు పది కిలోమీటర్ల దూరంలో, పొలాల మధ్య ఉంది.